ఆ పదిహేను వేలు ఎవరు లెక్కపెట్టారు?

(హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయ చరిత్ర విభాగంలో రీసెర్చ్ స్కాలర్లు నెలకోసారి కలిసే సభలో, 2025 అక్టోబర్‌లో మాట్లాడినది. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

మైకు వినిపిస్తోందా? వెనక కూర్చున్నవాళ్లు చెయ్యెత్తండి. సరే, వినిపిస్తోంది.

సార్‌లకు, మేడమ్‌లకు, సీనియర్ అన్నలకు, అక్కలకు నమస్కారం. ఈ సభకు ఉన్న రూలు మీకు తెలుసు. స్లైడ్లు వేయకూడదు, పేపర్ చదవకూడదు, పోయిన నెలంతా ఏం వెలగబెట్టావో నోటితో చెప్పాలి. పోయిన నెల మాట్లాడిన అన్న తన టాపిక్ వదిలేసి హాస్టల్ మెస్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు, అందరికీ నచ్చింది కూడా. నా దగ్గర అంత రుచికరమైన విషయం లేదు. ఒక అంకె ఉంది. నెలంతా దాని వెనకాలే తిరిగాను.

అంకె పదిహేను వేలు. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో చనిపోయినవాళ్ల సంఖ్య. మీరు ఎక్కడ చదివినా ఇదే కనిపిస్తుంది, ఏటా సెప్టెంబర్ చివర్లో పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో, టీవీలో, ఫోన్‌లో తిరిగే పాత ఫోటోల కింద. నా సినాప్సిస్‌లో కూడా ఉంది, రెండో పేజీలో. సెప్టెంబర్ మొదట్లో మా గైడ్ మేడమ్ నా చాప్టర్ డ్రాఫ్ట్ వెనక్కి ఇచ్చారు. ముప్పై పేజీల డ్రాఫ్ట్‌లో నేను ఎంతో కష్టపడి రాసిన సిద్ధాంత చర్చ పక్కన ఒక్క మాట లేదు, ఒక్క టిక్కు లేదు. ఆ అంకె కింద మాత్రం పెన్సిల్‌తో గీత గీసి, పక్కన "ఎవరు లెక్కపెట్టారు?" అని రాశారు. మేడమ్ ఇక్కడే ముందు వరుసలో ఉన్నారు కాబట్టి ఆ ప్రశ్న చాలా గొప్ప ప్రశ్న అని మనవి చేసుకుంటున్నాను. (నవ్వులు)

నిజంగానే గొప్ప ప్రశ్న. ఎందుకో చెప్తాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో వరద సంగతి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలం. సెప్టెంబర్ చివర్లో ఎగువన, ఇప్పుడు మనం ఎయిర్‌పోర్టుకు పోయే శంషాబాద్ చుట్టుపక్కల, విపరీతమైన వాన పడింది. మూసీకి, దానిలో కలిసే ఈసా వాగుకు పైన ఉన్నవన్నీ గొలుసుకట్టు చెరువులు. పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి, అది తెగితే దాని కిందిది. అలా తెగుకుంటూ వచ్చిన నీళ్లు ఊరి మీద పడ్డాయి. అఫ్జల్‌గంజ్ వంతెన, ముస్లింజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన పోయాయి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ దెబ్బతిన్నా నిలబడింది. కోల్సావాడీ, ఘాన్సీబజార్ లాంటి నది ఒడ్డు బస్తీలు తుడిచిపెట్టుకుపోయాయి. సుమారు 19 వేల ఇళ్లు కూలాయనీ, 80 వేల మంది నిలువనీడ లేకుండా అయ్యారనీ లెక్క. నిజాం తన మహళ్ల తలుపులు తెరిపించాడు, బ్రాహ్మణులు చెప్తే నదికి హారతి ఇచ్చి చీర, ముత్యాలు సమర్పించాడని కూడా చెప్తారు. ఆ కథ మీరందరూ విన్నదే, దాని జోలికి ఇవాళ పోను.

మరుసటి సంవత్సరం, 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన బొంబాయి సర్వీసు వదిలేసి యూరప్‌లో తిరుగుతున్నప్పుడు నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వెళ్లింది. ఆయన వచ్చి చేసిన మొదటి పని లెక్క. ఆ లెక్క ప్రకారం ఆ పరీవాహక ప్రాంతంలో మొత్తం చెరువులు 788. అందులో తెగినవి 221.

ఒకసారి ఈ రెండు అంకెల వైపు చూడండి. ఏడు వందల ఎనభై ఎనిమిది. సుమారు ఎనిమిది వందలు అని రాయలేదు. రెండు వందల ఇరవై ఒకటి, రెండు వందలకు పైగా అని రాయలేదు. ఏ చెరువు ఉంది, ఏది పోయింది అన్నది ఒకటి కూడా తప్పకుండా లెక్కకు వచ్చింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి పదిహేను వేలు. కొందరు పది వేలు అంటారు, యాభై వేలు అన్నవాళ్లూ ఉన్నారు. అన్నీ వేలలోనే, అన్నిటికీ చివర మూడు సున్నాలు.

ఈ తేడా చూడగానే నాకు మొదట కోపం వచ్చింది, జనం ప్రాణాలకు విలువ లేదన్నమాట అని డైరీలో పెద్ద పేరా రాసుకున్నాను కూడా. కానీ కోపంతో చాప్టర్ నడవదు కదా. చెరువు లెక్క ఎందుకు ఉంది అని అడిగితే జవాబు సులువే. ప్రతి చెరువు కింద ఆయకట్టు ఉంది, ఆయకట్టు మీద శిస్తు ఉంది, కాబట్టి చెరువు వరదకు ముందే దఫ్తర్ పుస్తకాల్లో ఉంది. తెగినప్పుడు దాని పేరు పక్కన ఒక గీత కొడితే చాలు. కోల్సావాడీలో అద్దెకు ఉన్న కూలివాడి పేరు ఏ పుస్తకంలో ఉంది? దేవిడీ, అంటే నవాబుల పెద్ద భవంతి, వెనకాల గదిలో పడుకునే పనిమనిషి పేరు? పల్లె నుంచి సరుకు అమ్ముకుందామని వచ్చి ఆ రాత్రి సరాయిలో పడుకున్నవాడి పేరు? ముందు రాసిపెట్టి ఉంటేనే కదా తర్వాత కొట్టేయడానికి.

జనాభా లెక్కల్లో దొరుకుతుందేమో అని మీలో ఎవరో ఒకరు అనుకుంటూ ఉంటారు, నేనూ అనుకున్నాను. 1901 లెక్కల్లో సికింద్రాబాద్, బొల్లారం కలుపుకుని హైదరాబాద్ జనాభా సుమారు 4 లక్షల 48 వేలు. 1911 నాటికి 5 లక్షలు. పెరిగింది! మధ్యలో అంత పెద్ద వరద వచ్చింది, అయినా అంకె పైకే పోయింది, ఎందుకంటే పోయినవాళ్ల కంటే ఊళ్లోకి వచ్చినవాళ్లు ఎక్కువ. తీసివేత చేస్తే చనిపోయినవాళ్లు దొరకరు. అసలు పదిహేను వేలే నిజమనుకుంటే ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న ప్రతి ముప్పై మందిలో ఒకరు అన్నమాట. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఇద్దరు. అంత మంది పోతే కూడా పదేళ్ల లెక్కలో ఆనవాలు కనపడదు. నాకు ఇది వరద కంటే ఎక్కువ భయం పుట్టించింది.

ఇక ఆర్కైవ్స్. తార్నాకలో మన రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనే నెలలో ఎక్కువ భాగం గడిచింది. జూనియర్లు చాలామంది ఇంకా అటు వెళ్లలేదు కాబట్టి ఒక విషయం చెప్తాను, పనికొస్తుంది. అక్కడి నిజాం కాలం కాగితాల మీద తేదీలు ఫస్లీలో, అంటే నిజాం ప్రభుత్వ శిస్తు క్యాలెండర్‌లో, ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది అని అందరూ చెప్తారు, నిజమే, కాకపోతే ఆ సంవత్సరం జనవరిలో మొదలవదు. ఆజర్ నెల ఒకటో తేదీ, అంటే అక్టోబర్ 6న, సంవత్సరం మారుతుంది. వరద వచ్చింది సెప్టెంబర్ 28. అంటే వరద 1317 ఫస్లీ ఆఖరి నెలలో వచ్చింది, సరిగ్గా ఎనిమిదో రోజుకు 1318 మొదలైంది. శవాలు ఇంకా తీస్తూ ఉండగానే గుమాస్తాలు కొత్త సంవత్సరం పుస్తకాలు తెరిచి ఉంటారు. ఒకే వీధికి సంబంధించిన కాగితాలు రెండేళ్ల కట్టల్లో పడ్డాయి. ఒక కట్టలో ఫలానా మహల్లా మీద విచారణకు ఆదేశం ఉంటుంది, ఆ విచారణ ఏమైందో ఇంకో సంవత్సరం కట్టలో, అదీ ఇంకో శాఖ కింద ఉంటుంది, ఉంటే.

కాగితం ఎలా ఉంటుందంటే, అంచులు పట్టుకుంటే వేళ్లకు బూడిదలా రాలుతుంది. ఎడమవైపు సగం ఖాళీగా వదిలి కుడివైపు సగంలో రాస్తారు, పై అధికారి తన హుకుం ఆ ఖాళీలో అడ్డంగా రాస్తాడు, ఆయన పై అధికారి దాని మీద ఇంకా అడ్డంగా. అంతా షికస్తా, అంటే ఉర్దూను పరుగెత్తుకుంటూ రాసే రాత, నుక్తాలు, అంటే అక్షరాల చుక్కలు, పెట్టేంత తీరిక ఎవరికీ లేదు. నేను ఉర్దూ నేర్చుకున్నది సాయంత్రం కోర్సులో. అచ్చు పుస్తకం గడగడా చదువుతాను. షికస్తా ముందు కూర్చుంటే మాత్రం డాక్టర్ చీటీ చూస్తున్న మెడికల్ షాపు కుర్రాడిలా ఉంటుంది నా పరిస్థితి, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించడమే.

అందుకని చేత్తో గీతకు గీత దించుకుని, యాకుత్‌పురాలో ఉండే ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. నేను మాస్టర్ సాబ్ అంటాను, ఆయన నన్ను బేటీ అంటారు. తలుపు తీయగానే "బేటీ, ఆజ్ కిత్‌నే లోగ్ మరే?" అని అడుగుతారు, ఈ రోజు ఎంతమంది చనిపోయారు అని, నేను ఏదో యుద్ధం నుంచి వస్తున్నట్టు. ఆయన చదువుతుంటే నేను తెలుగులో రాసుకుంటాను, చాయ్ వస్తుంది, ఉస్మానియా బిస్కెట్లు వస్తాయి, మధ్యలో ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ వాళ్ల నానమ్మ గురించి చెప్తారు. ఆమెకు పుట్టిన తేదీ తెలియదట. తుగ్యానీకి, అంటే ఆ వరదకు, నాలుగేళ్ల ముందు పుట్టాను అని మాత్రం చెప్పేదట. వాళ్లింట్లో ముసలివాళ్లందరి వయసులూ అంతే, తుగ్యానీకి ముందో తర్వాతో. ఆ వరదలో మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాను. ఆయన వేళ్లు ముడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నానమ్మ చిన్నాన్న, ఆయన భార్య, వాళ్ల ఇద్దరు పిల్లలు, వాళ్లింట్లో నీళ్లు మోసే మనిషి. అయిదుగురు. నీళ్లు మోసే ఆయన పేరు కూడా చెప్పారు, ఈ సభలో చెప్పను, ఆయన మనవలు ఆ గల్లీలోనే ఉన్నారు.

నూట పదిహేడేళ్ల తర్వాత, దఫ్తర్‌లో లేని లెక్క ఒక ఇంట్లో, వేళ్ల మీద ఉంది. నా చాప్టర్ ఇక్కడ తిరిగింది.

అప్పటి నుంచి చదివిన ప్రతిదీ వేరేగా కనిపించడం మొదలైంది. ఉదాహరణకు చింతచెట్టు. ఉస్మానియా ఆసుపత్రి పక్కన, అఫ్జల్ పార్కులో ఉన్న చెట్టు, ఆ రోజు 150 మందికి పైగా దాని కొమ్మలెక్కి బతికారని చెప్తారు. ఏటా సెప్టెంబర్ 28న అక్కడ కొంతమంది చేరి చనిపోయినవాళ్లను తలుచుకుంటారు. ఈసారి నేనూ వెళ్లాను. ప్రసంగాలు నడుస్తున్నాయి, కొంచెం దూరంలో రోగుల తాలూకు జనం చెట్టు చుట్టూ చాపలేసుకుని అన్నం డబ్బాలు విప్పుతున్నారు, ఒకామె పిండిన తువ్వాలు ఆరేసుకోవడానికి తావు కోసం చూస్తోంది. చెట్టు ఇప్పటికీ జనానికి తల దాచుకునే చోటే. ఇక పేట్లబుర్జు సంగతి. కోట గోడ బురుజు కదా, గట్టిగా ఉంటుందని దాని మీదికి ఎక్కిన జనం గోడ కూలి దానితో సహా కొట్టుకుపోయారని చెప్తారు. ఎంతమంది? వందల మంది. అంతే, అంతకుమించి ఎవరూ చెప్పలేరు. చెట్టు దిగినవాళ్లు ఇళ్లకు పోయి, నా పక్క కొమ్మ మీద ఫలానా ఆయన ఉన్నాడు అని చెప్పుకోగలిగారు, అందుకే ఆ చెట్టుకు ఒక అంకె ఉంది. బురుజు మీద నుంచి వచ్చి చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు పేట్లబుర్జు అంటే ఊరందరికీ కాన్పుల ఆసుపత్రి.

రుబాయీలకు, అంటే నాలుగు పాదాల ఉర్దూ పద్యాలకు, పేరుపడిన అమ్జద్ హైదరాబాదీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ వరదలో ఆయన తల్లి, భార్య, కూతురు ముగ్గురూ పోయారు, ఆయన ఒక్కడూ బయటపడ్డాడు. ఆ ముగ్గురు మనకు లెక్కలోకి వచ్చారంటే ఆయన కవి కాబట్టి. మిగతా ఇళ్లలో కవులు లేరు.

ఇదంతా ఒకవైపు నడుస్తుండగా ఈ నెలలో ఇంకోటి జరిగింది, అది మీ అందరికీ తెలుసు. బతుకమ్మకు ఊరికి పోదామని బట్టలు సర్దుకున్నాను, మాది పాలమూరు. సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల, అంటే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల, గేట్లెత్తితే మూసీ ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి వచ్చేసింది. ఊళ్లకు పోవాల్సిన జనం బ్యాగులు నెత్తిన పెట్టుకుని బయటికి రావడం రాత్రంతా ఫోన్‌లో చూశాం. మా వైపు బస్సులు ఆరాంఘర్ నుంచి అన్నారు, సరే అని మర్నాడు అక్కడికే పోయి నిలబడ్డాను, పండగ రద్దీ, ఇసుకేస్తే రాలని జనం. అమ్మ ఫోన్ చేసి "నది మీద చదువుతున్నవ్ కదా బిడ్డా, ముందే చెప్పొద్దా నది వస్తదని" అంది. (నవ్వులు) పీహెచ్‌డీ ఉపయోగం ఏమిటి అని అడిగేవాళ్లు ఇంత సూటిగా ఎప్పుడూ అడగలేదు.

ఆ రాత్రి టీవీ స్క్రోలింగ్ నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను, అలవాటు ప్రకారం. ఉస్మాన్‌సాగర్‌లోకి ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, అవుట్‌ఫ్లో ఇన్ని, ఎన్ని గేట్లు ఎన్ని అడుగులు ఎత్తారు, నీటిమట్టం ఎన్ని అడుగులు, అది కూడా దశాంశంతో సహా. ఆ వెంటనే కింద "లోతట్టు ప్రాంతాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు". ఎంతమందిని, ఏ బస్తీ నుంచి, ఎక్కడికి? గంట గంటకూ క్యూసెక్కులు మారుతున్నాయి, ఈ వాక్యం మాత్రం మారలేదు. ఉస్మాన్‌సాగర్, మన గండిపేట, 1920లో పూర్తయింది, హిమాయత్‌సాగర్ 1927లో. రెండూ 1908 మళ్లీ రాకూడదని కట్టినవే. అవి తమ పని చేస్తూనే ఉన్నాయి, అందుకే మొన్న మనకు 1908 రాలేదు, ఇంకా ఆ నీళ్లే ఊరికి చాలాకాలం తాగునీళ్లయ్యాయి. విశ్వేశ్వరయ్య పద్ధతిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. నీళ్లను అంత కచ్చితంగా లెక్కపెట్టకపోతే ఆ కట్టలు లేచేవి కావు. అంత శ్రద్ధలో నాలుగో వంతు చాదర్‌ఘాట్ కింద గుడిసెల్లో ఉన్నవాళ్ల మీద పెడితే, ఇంకో వందేళ్లకు నాలాంటి ఒక అమ్మాయి ఆర్కైవ్స్‌లో కూర్చుని తల పట్టుకోవాల్సిన పని ఉండదు. అంతే అంటున్నాను.

ఫెలోషిప్ ఈ నెలా లేటే. దాని గురించి మాట్లాడను, మాట్లాడితే సభ రాత్రి దాకా నడుస్తుంది. మాస్టర్ సాబ్ ఇంట్లో బిస్కెట్లు తిని కొన్ని సాయంత్రాలు మెస్ బిల్లు తప్పించుకున్నానని మాత్రం రికార్డు కోసం చెప్తున్నాను.

ఇప్పుడు చాప్టర్‌లో ఏం రాశానంటే, పదిహేను వేలు తీసేయలేదు. తీసేస్తే ఆ జనం ఇంకా మాయమవుతారు. దాన్ని అలాగే ఉంచి, ఇది లెక్కపెట్టి చెప్పినది అనడానికి నాకు ఆధారం దొరకలేదని కింద స్పష్టంగా రాశాను. దాని పక్కన ఒక కొత్త పట్టిక మొదలుపెట్టాను. ఇంటిపేరు ఒక గడి, మహల్లా ఒక గడి, ఎవరు పోయారు, చెప్పిందెవరు, వాళ్లకు ఎవరు చెప్పారు. మొదటి వరుసలో మాస్టర్ సాబ్ ఇంటి అయిదుగురు ఉన్నారు, రెండో వరుసలో అమ్జద్ ఇంటి ముగ్గురు. మేడమ్ చూసి, "ఇది థీసిస్ అయ్యేసరికి నీకు మనవలు పుడతారు" అన్నారు. నిజమే కావచ్చు. ఈ పట్టిక పదిహేను వేలకు చేరుతుందని నేనూ అనుకోవడం లేదు, వందకు చేరినా నాకు గొప్పే. ఇంట్లో చెప్పుకునే మాట ఎంతవరకు నమ్మవచ్చు, మూడు తరాల్లో పేర్లు కలిసిపోవా, ఒకే మనిషిని రెండు ఇళ్లవాళ్లు చెప్తే ఏం చేస్తావు అని అన్న ఒకాయన మొన్న క్యాంటీన్‌లో నిలదీశాడు. అందుకే ఆ 'వాళ్లకు ఎవరు చెప్పారు' అన్న గడి పెట్టాను అన్నా, అది ఖాళీగా ఉంటే ఆ వరుస లెక్కలోకి రాదు.

కాబట్టి మీతో నాకు పని ఉంది, అసలు ఇవాళ మాట్లాడటానికి ఒప్పుకున్నది అందుకే. పాతబస్తీలో, బేగంబజార్‌లో, కార్వాన్‌లో, ధూల్‌పేటలో చుట్టాలున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఇంతమంది ఉన్నారు. ఇళ్లల్లో ముసలివాళ్లను అడగండి. వందేళ్లు దాటిన దుకాణాలున్న సేఠ్‌ల ఖాతా పుస్తకాలు ఎక్కడైనా అటక మీద ఉంటే, అప్పు తీసుకున్న మనిషి పేరు పక్కన నీళ్లలో పోయాడు అని రాసి ఉండవచ్చు, సేఠ్‌లు బాకీ మర్చిపోరు. మసీదుల పక్కన ఖబరస్తాన్ పుస్తకాలు, మఠాల్లో తద్దినాల జాబితాలు, ఏదైనా సరే. ఆశ్వయుజ మాసం మొదట్లో ఒకే తిథికి ఇంట్లో ఇద్దరు ముగ్గురికి తద్దినం పెట్టే ఆచారం ఉంటే అది ముఖ్యంగా చెప్పండి. కాగితం ఇవ్వక్కర్లేదు, ఫోటో చాలు, ఫోటో కూడా వద్దంటే వచ్చి అక్కడే కూర్చుని రాసుకుంటాను. వచ్చే సోమవారం నుంచి లంచ్ తర్వాత లైబ్రరీ మెట్ల దగ్గర ఉంటాను, చాయ్ ఖర్చు నాది, ఫెలోషిప్ పడితే.

ప్రశ్నలుంటే అడగండి. మేడమ్, మీరు ఆఖర్న.